‘లైవ్ క్లాసులు’ అంటే నమ్మి డబ్బు కట్టకండి

విజయనగరం చుట్టుపక్కల డిగ్రీ, బీటెక్ పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది చదవండి. కాంప్లెక్స్ దగ్గర ఫ్లెక్సీలు కట్టి, కాలేజీలకొచ్చి సెమినార్లు ఇచ్చి పోయారు కదా, పైథాన్, డేటా సైన్స్, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ అన్నీ కలిపి ఇస్తామని, ఆ ఆన్‌లైన్ కోర్సులవాళ్లే. పేరు రాస్తే మళ్లీ ఫోన్లు చేసి చంపుతారు. తమ్ముడి కోసం నాన్న 28 వేలకి ఒప్పుకున్నారు. నెలనెలా కట్టుకోవచ్చన్నారు. అది నాన్న పేరు మీద తీసిన లోన్ అని మొదటి కిస్తీ కోత పడ్డాకే తెలిసింది.

సరే, పిల్లాడికి చదువొస్తే చాల్లే అనుకున్నాం. నిన్న రాత్రి ఏడున్నర క్లాసుకి నేనూ పక్కన కూర్చున్నా. సారు ‘గుడ్ ఈవెనింగ్’ అన్నాడు. వెనక గోడ గడియారంలో టైము పదకొండుంబావు, కిటికీలోంచి ఫెళ్లున ఎండ! చాట్‌లో ‘సూపర్ సర్’, ‘అర్థమైంది సర్’ అని టపటపా పడుతున్నాయి. మావాడు లూప్ దగ్గర డౌటుందని టైప్ చేస్తే పలికేవాడు లేడు, సారేమో ఇంకెవరికో ‘వెరీ గుడ్ క్వశ్చన్’ అంటున్నాడు. నెట్ పోయి మళ్లీ తెరిస్తే క్లాసు మొదటినుంచి మొదలైంది, ఆ ‘సూపర్ సర్’లు కూడా అదే వరసలో. లైవ్ అట!

మమ్మల్ని చేర్పించిన వాళ్ల కౌన్సెలర్‌కి ఫోన్ చేశా. చేరేదాకా ‘అక్కా, అక్కా’ అని వెంటపడ్డ మనిషే, ‘మీవాడికి ఇంట్రెస్ట్ లేకపోతే మేమేం చేస్తాం మేడమ్, పల్లెటూరి పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు ఎక్కవు’ అన్నాడు. మరి వాళ్ల యాప్‌లో మావాడి ఎంగేజ్‌మెంట్, అంటే క్లాసులో శ్రద్ధ, ‘ఎక్సలెంట్’ అనుంది, మా గంట్యాడలో కరెంటు పోయి ఫోన్ చచ్చిన రోజు కూడా హాజరే. ఇంట్రెస్ట్ లేనివాడికి ఎక్సలెంట్ ఎలా ఇచ్చావు బాబూ అని అడిగితే టక్కున పెట్టేశాడు. రిఫండ్ అడిగితే లోన్ కంపెనీతో మాట్లాడుకోమని మెసేజ్.

ఇదే పల్లెటూరి పిల్లాడు కేంద్ర ప్రభుత్వం నడిపే ‘స్వయం’ అనే ఆన్‌లైన్ చదువుల సైటులో, ఐఐటీలవాళ్లు చెప్పే ఎన్‌పీటెల్ కోర్సు చేస్తున్నాడు. చేరడానికి పైసా అక్కర్లేదు, పరీక్ష రాస్తేనే ఫీజు. అసైన్‌మెంట్లకి 25 శాతం, పరీక్షకి 75 శాతం. వారం వారం గడువుంటుంది కాబట్టి తిట్టుకుంటూనైనా కూర్చుంటాడు, డౌటు పెడితే ఎవరో ఒకరు జవాబిస్తున్నారు. అక్కడ ఎక్కిన చదువు ఇక్కడెందుకు ఎక్కలేదో మరి.

కట్టేముందు డెమోలో పిల్లాడి చేత అప్పటికప్పుడు ఏదైనా అడిగించండి, సారు పేరు పెట్టి పిలిచి జవాబు చెప్తున్నాడో లేదో చూడండి. కిస్తీలంటే లోనా కాదా అని రాతలో అడగండి, పెద్దవాళ్ల ఆధార్ ఓటీపీ మాత్రం చెప్పకండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి, మేమూ చేశాం.