ట్రెయిలర్‌తో ఊరు దాటే ముందు కాటా వేయించండి: క్యాట్ స్కేల్ రివ్యూ

అమెరికాలో ట్రావెల్ ట్రెయిలర్ అమ్మేచోట "మా పికప్ దీన్ని లాగుతుందా?" అని అడగండి. "మీ ట్రక్కు కెపాసిటీ 9,000 పౌండ్లు, ఇదేమో 5,500. బ్రహ్మాండంగా లాగుతుంది" అంటారు. రెండు అంకెలూ బ్రోషర్లో ఉన్నవే, అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ 5,500 నీళ్లూ సామానూ లేని ఖాళీ ట్రెయిలర్ బరువు. ఆ 9,000 డ్రైవరూ పక్కన ఇంకొకరూ మాత్రమే, అదీ మనిషికి 150 పౌండ్ల చొప్పున కూర్చున్నప్పటి లెక్క. పిల్లలు ఎక్కి, జనరేటరూ కుర్చీలూ చేరి, ట్యాంకులో నీళ్లు నింపాక సంగతేంటో చెప్పేది కాటా ఒక్కటే. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో కనిపించే క్యాట్ స్కేల్ ఆ పనికి చాలా నికార్సయిన సేవ. ట్రెయిలర్‌తో రెండుసార్లు, ట్రక్కు ఒక్కటే ఒకసారి, మూడు తూకాలూ కలిపి పాతిక డాలర్ల చుట్టుపక్కల అవుతుంది.

ఇది 1977లో మొదలైన కంపెనీ, ప్రధాన కార్యాలయం అయోవా రాష్ట్రంలోని వాల్కాట్‌లో ఉంది. పైలట్, లవ్స్, టీఏ, పెట్రో లాంటి ట్రక్ స్టాపుల్లో వీళ్ల కాటాలు ఉంటాయి. అసలు కస్టమర్లు పద్దెనిమిది చక్రాల లారీల వాళ్లు. కాటా సరేనన్నాక కూడా ప్రభుత్వం అధిక బరువని ఫైన్ వేస్తే, తప్పు తమ కాటాదైతే ఫైన్ కంపెనీయే కడుతుంది, తమ కాటా సరైనదే అనుకుంటే డ్రైవర్ తరఫున కోర్టుకొచ్చి సాక్ష్యం చెబుతుంది. పికప్ వాళ్లకు ఆ హామీతో పెద్దగా పని పడదు కానీ, కాటా మీద కంపెనీకి ఎంత నమ్మకమో దాన్నిబట్టి తెలుస్తుంది.

తూకానికి వెళ్లే ముందు ట్రక్కు డ్రైవర్ డోర్ తీసి, పక్క స్తంభం మీది స్టిక్కర్లు ఫోటో తీసుకోండి. పసుపు రంగు దాని మీద మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో ఉంటుంది. అదే పేలోడ్. ఇంకోదాని మీద ట్రక్కు మొత్తం పరిమితి జీవీడబ్ల్యూఆర్, ముందు వెనక యాక్సిళ్ల పరిమితులు ఉంటాయి. ఒకే మోడల్, ఒకే ఏడాది ట్రక్కులు రెండు పక్కపక్కన నిలబెట్టినా, సన్‌రూఫూ పెద్ద చక్రాలూ ఉన్నదాని పేలోడ్ కొన్ని వందల పౌండ్లు తక్కువుంటుంది. కాబట్టి ఇంటర్నెట్‌లో చూసిన అంకె కాదు, మీ డోర్ మీదిదే లెక్క. వెనక బంపర్ కింద హిచ్ రిసీవర్ (ట్రెయిలర్ కొక్కెం దూర్చే గొట్టం) మీద కూడా స్టిక్కర్ ఉంటుంది. చాలా హాఫ్-టన్ ట్రక్కుల్లో (పెద్ద పికప్‌లలో తేలిక తరగతి) వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే చైన్లతో బిగించే బార్ల ద్వారా బరువును ముందు యాక్సిల్‌కూ ట్రెయిలర్ చక్రాలకూ పంచే కొక్కెం లేకపోతే ట్రెయిలర్ 5,000, టంగ్ (ట్రెయిలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు) 500 దాటకూడదని దాని మీదే రాసి ఉంటుంది. వంగి చూసేవాళ్లు తక్కువ.

కాటా మీద వరసగా విడివిడి పలకలు ఉంటాయి. ట్రక్కు ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రెయిలర్ చక్రాలన్నీ మూడో దాని మీద ఉండాలి. ఏ టైరూ రెండు పలకల మధ్య అతుకు మీద ఆగకూడదు. ఆగితే చీటీలో మొత్తం సరిగ్గానే వస్తుంది, పంపకం మాత్రం తప్పుతుంది. లోపలి వాళ్లను పిలిచే ఇంటర్‌కామ్ బటన్ లారీ కిటికీ ఎత్తులో ఉంటుంది, పికప్‌లోంచి అందదు. దిగి నొక్కాలి, లేదంటే వాళ్ల వెయ్ మై ట్రక్ యాప్ వాడాలి. యాప్ అయితే కార్డు మీద డబ్బు తీసుకుని చీటీని పీడీఎఫ్‌గా పంపేస్తుంది, లోపలికి వెళ్లి క్యూలో నిలబడే పనిలేదు. బటన్ నొక్కితే కంపెనీ పేరు అడుగుతారు, "ప్రైవేట్" అంటే చాలు. అదే కాటా మీద 24 గంటల్లోపు మళ్లీ తూచుకుంటే రేటు బాగా తగ్గుతుంది. అందుకే మూడు తూకాలూ ఒకే చోట ఒకే పూట చేయించాలి.

మొదటిది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు బిగించి, ప్రయాణానికి తయారైన స్థితిలో. రెండోది బార్లు తీసేసి, ట్రెయిలర్ మాత్రం తగిలించే. మూడోది ట్రెయిలర్‌ను పార్కింగ్‌లో చక్రాలకు అడ్డం పెట్టి వదిలేసి, ట్రక్కు ఒక్కటే. మూడింటికీ మనుషులూ సామానూ పెట్రోలూ మారకూడదు. మధ్యలో ఎవరైనా కాఫీకని దిగిపోతే, వాళ్ల బరువు మేరకు టంగ్ లెక్క తప్పుతుంది.

ఉదాహరణకు జీవీడబ్ల్యూఆర్ 7,050, పేలోడ్ 1,560, వెనక యాక్సిల్ పరిమితి 3,800 ఉన్న హాఫ్-టన్ ట్రక్కు తీసుకుందాం. ట్రెయిలర్ సొంత పరిమితి 7,000. చీటీలు ఇలా వచ్చాయనుకోండి:

బార్లు బిగించి: ముందు 3,080, వెనక 3,820, ట్రెయిలర్ 6,060.
బార్లు తీసి: ముందు 2,820, వెనక 4,200, ట్రెయిలర్ 5,940.
ట్రక్కు ఒక్కటే: ముందు 3,200, వెనక 2,980.

రెండో చీటీ మొత్తం 12,960. అందులోంచి ట్రక్కు 6,180 తీసేస్తే ట్రెయిలర్ అసలు బరువు 6,780. బ్రోషర్లో 5,500 అన్నది 1,280 పెరిగింది. ఎక్కడ పెరిగిందంటే, 40 గాలన్ల నీళ్లే 330 పౌండ్లు దాటతాయి. బ్యాటరీలు, గిన్నెలు, పరుపులు, గొట్టాలు, పనిముట్లు మిగతాది. మనవాళ్ల ట్రెయిలర్లో 20 పౌండ్ల సోనామసూరి బస్తా, పాతిక పౌండ్ల టేబుల్‌టాప్ గ్రైండర్ కూడా తప్పవు. క్యాంపులో దోశ కావాలంటే పిండి ఇంట్లోనే రుబ్బుకెళ్లండి, గ్రైండర్ బరువు తప్పుతుంది.

రెండో చీటీలో ట్రక్కు రెండు యాక్సిళ్లూ కలిపి 7,020. అందులో 6,180 పోతే టంగ్ వెయిట్ 840, అంటే ట్రెయిలర్ బరువులో 12.4 శాతం. 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి కాబట్టి బాగానే ఉంది. 10 కంటే తగ్గితే వెనక నుంచి ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, పక్కనుంచి లారీ దాటినప్పుడు ఆపడం కష్టం.

ఇప్పుడు పేలోడ్. 7,050లోంచి 1,560 తీసేస్తే ఖాళీ ట్రక్కు 5,490. ట్రక్కు ఒక్కటే తూగిన 6,180లో మిగతా 690 మనుషులూ సామానూ, దాని మీద టంగ్ 840. ఈ రెండూ కలిపి 1,530. అంటే 1,560లో మిగిలింది ముప్ఫై. లాగే కెపాసిటీలో ఇంకా రెండు వేలకు పైగా ఉంది, పేలోడ్ మాత్రం అడుగంటింది. హాఫ్-టన్ ట్రక్కుల్లో మామూలుగా జరిగేది ఇదే. ఇంజన్ సంగతి కంపెనీలు చూసుకుంటాయి. లాగే కెపాసిటీని లెక్కకట్టే జె2807 అనే ప్రమాణం ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ ఎత్తు మీద ఏసీ వేసి మరీ పరీక్షిస్తారు. అయితే ఆ ప్రమాణం టంగ్‌ను 10 శాతంగా తీసుకుంటుంది, నిజం ట్రెయిలర్లు 12, 13 మీద ఉంటాయి.

బార్లు బిగించిన చీటీలో ట్రక్కు 6,900, అంటే పరిమితికి 150 తక్కువ. టంగ్ బరువు తగ్గలేదు, అందులో 120 ట్రెయిలర్ చక్రాల మీదికి వెళ్లింది, 260 ముందు యాక్సిల్‌కు తిరిగొచ్చింది. కానీ వెనక యాక్సిల్ 3,820 చూపిస్తోంది, పరిమితి 3,800. ఈ కాటా 20 పౌండ్ల మెట్లలో చూపిస్తుంది కనుక ఇది ఒక్క మెట్టే, అయినా అంచు మీద బండి నడపడం మంచిది కాదు. టెయిల్‌గేట్ దగ్గరున్న 100 పౌండ్ల జనరేటర్‌ను బెడ్‌లో ముందుకు, క్యాబ్‌కు ఆనుకునేలా జరిపితే వెనక యాక్సిల్ మీద కొంత బరువు తగ్గుతుంది. బార్ల చైన్ ఇంకో లింకు బిగించడం రెండో మార్గం. అప్పుడు మళ్లీ తూచాలి, ముందు యాక్సిల్ బరువు, ట్రక్కు ఒంటరిగా ఉన్నప్పటి 3,200 దాటకూడదు. ముందు యాక్సిల్‌కు ఎంత బరువు తిరిగి రావాలో మీ ట్రక్కు మాన్యువల్‌లోనే ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

నీళ్లు పారబోస్తే సరిపోతుందనుకోవడంలో ఒక తిరకాసు ఉంది. ట్యాంకు ట్రెయిలర్ చక్రాలకు ముందుంటే టంగ్ తగ్గుతుంది. వెనకుంటే, నీళ్లు తీసేసిన కొద్దీ టంగ్ పెరుగుతుంది. మీ ట్యాంకు ఎక్కడుందో కింద వంగి చూసి, ఆ తర్వాతే కుళాయి తిప్పండి.

లోపాలూ ఉన్నాయి. ట్రెయిలర్ రెండు యాక్సిళ్లూ ఒకే పలక మీద పడతాయి కాబట్టి ఏ యాక్సిల్ మీద ఎంతో, ఏ టైరు మీద ఎంతో తెలియదు. వంటగది స్లయిడ్‌లో (పక్కకు బయటికి జరిగే భాగంలో) ఉండి ఒక పక్క బరువెక్కిన ట్రెయిలర్‌కు చక్రానికి చక్రం తూచే సేవ వేరుగా వెతుక్కోవాలి. చాలా ట్రక్ స్టాపుల్లో ట్రెయిలర్ విప్పడానికి చోటు దొరకదు. సాయంత్రం ఏడు దాటాక లారీలు పార్కింగ్ కోసం తిరుగుతుంటాయి, అప్పుడు కాటా మీద ఆగి చైన్లు విప్పితే వెనక హారన్లు మోగుతాయి, మోగాలి కూడా. ఆదివారం పొద్దున్నే వెళ్లండి. బార్లు తీసే పని పార్కింగ్‌లో చేసి, అక్కణ్నుంచి కాటా దాకా నెమ్మదిగా నడపండి.

ఐదుకు నాలుగున్నర. అర మార్కు తగ్గించింది ఆ ఇంటర్‌కామ్ బటన్ ఎత్తుకే.