లోథల్‌కి ఒక పూట చాలు, ధోలావీరాలో రాత్రి ఉండాలి

మొహెంజోదారో, హరప్పా రెండూ పాకిస్తాన్‌లో ఉండిపోయాయి. సింధు నాగరికత నగరాల్లో మనం తేలిగ్గా వెళ్లి చూడగలిగినవాటిలో నా ఓటు గుజరాత్‌లోని ధోలావీరాకే. 2021 జులైలో మన రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిన సమావేశాల్లోనే దీనికీ వచ్చింది. రామప్పకి మనవాళ్లు బస్సులు మాట్లాడుకుని మరీ వెళ్తున్నారు. ధోలావీరాలో మాత్రం మాకు తెలుగు మాటే వినిపించలేదు.

భుజ్ నుంచి కారు మాట్లాడుకున్నాం. ఒకప్పుడు భచావు, రాపర్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఖావ్డా దాటాక రణ్ అనే ఉప్పు ఎడారి మధ్యలోంచి తిన్నగా రోడ్డు వేశారు. నీళ్లు ఎండిన కాలంలో రెండు వైపులా తెల్లటి ఉప్పే. అక్కడ ఫొటోలు దిగి, మిట్టమధ్యాహ్నం ధోలావీరా చేరి, గబగబా ఒక చుట్టు చుట్టి వెనక్కి వెళ్లిపోయే కార్లే ఎక్కువ. అలా చూస్తే అక్కడ కనిపించేది రాళ్ల గుట్టలే. ఊళ్లో రాత్రి ఉండి, పొద్దున్నే ఎండ ముదరకముందు వెళ్లండి.

చుట్టూ ఉప్పు, వానా అంతంతమాత్రం. అలాంటి చోట ఐదు వేల ఏళ్ల కిందట మొదలైన నగరం దాదాపు పదిహేను వందల ఏళ్లు ఎలా నిలబడింది? దీనికి జవాబు నీళ్ల దగ్గర ఉంది. నగరానికి రెండు పక్కలా మన్సర్, మన్హర్ అనే వాగులు. వానాకాలంలోనే పారే ఆ వాగులకి అడ్డుకట్టలు వేసి, నీటిని కోట చుట్టూ తవ్విన చెరువుల్లోకి మళ్లించుకున్నారు. తూర్పున ఉన్న పెద్ద చెరువు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు. గట్టు మీద నిలబడి ఆ మెట్ల వరస చూస్తుంటే కదలబుద్ధి కాలేదు. రాగి, రాతి పనిముట్లతో ఇంత పని చేశారు! కోట మీద పడ్డ వాన చుక్క కూడా వృథా పోకుండా రాతి కాలువలు కట్టారు. చెంబు నీళ్లకి బోర్ల చుట్టూ తిరిగిన ఊళ్లవాళ్లకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఉత్తర ద్వారం దగ్గర పది పెద్ద అక్షరాల బోర్డు దొరికింది. జిప్సం ముక్కలు చెక్క పలకలో పొదిగి చేసినది. చెక్క చివికిపోయినా అక్షరాలు వరస చెడకుండా నేల మీద మిగిలాయి. వాటిని ఇంతవరకూ ఎవరూ చదవలేకపోయారు. ఇలాంటివి తెలియాలంటే గైడ్‌ని పెట్టుకోవాల్సిందే. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్ట్ ఆధ్వర్యంలో సాగిన తవ్వకాల్లో పనిచేసిన ఊరివాళ్లే కొందరు హిందీలో చూపించి చెప్తారు. ఏ రాయి ఎక్కడ బయటపడిందో వాళ్లకి తెలుసు. అడిగిన దానికంటే కాస్త ఎక్కువే ఇవ్వండి.

బస విషయానికొస్తే, మేం మొదట దిగిన టెంట్ల రిసార్టు పైకి బాగుంది కానీ డబ్బుకి తగ్గట్టు లేదు. వేడినీళ్లు ఉంటాయన్నారు, పొద్దున అడిగితే మనిషికో బకెట్ అన్నారు. కరెంటు పోతే జనరేటర్ వేసే దిక్కు లేదు. మర్నాడు ఊళ్లో భుంగాలు, అంటే మట్టితో కట్టిన గుండ్రటి ఇళ్లు, అద్దెకిచ్చే ఒక కుటుంబం దగ్గరికి మారాం. అద్దె తక్కువ, గది శుభ్రం. సజ్జ రొట్టె మీద వెన్న, వంకాయ కూర, కిచిడీ, కఢీ, గ్లాసు మీద గ్లాసు మజ్జిగ పెట్టారు. కారం కావాల్సినవాళ్లు పచ్చడి సీసా వెంట తీసుకెళ్లండి. ఫోన్ సిగ్నల్ అప్పుడప్పుడూ పోతుంది కాబట్టి నగదు దగ్గర పెట్టుకోండి.

గుజరాత్‌లోనే ఉన్న ఇంకో సింధు నాగరికత ఊరు లోథల్ అహ్మదాబాద్ నుంచి 80 కిలోమీటర్లే. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. 200 మీటర్లకి పైగా పొడవున్న ఇటుకల రేవు అక్కడి ప్రత్యేకత. అది ఓడరేవు కాదు, నీటి చెరువని వాదించినవాళ్లూ ఉన్నారు. కానీ పర్షియన్ గల్ఫ్ తరహా ముద్ర ఇక్కడ దొరికిందంటే సముద్ర వ్యాపారం జరిగిందనే నాకు అనిపిస్తుంది. మ్యూజియం చిన్నదే అయినా పూసలు చూసి తీరాలి. ఎర్రటి కార్నీలియన్ రాయికి వెంట్రుకంత సన్నటి బెజ్జం వేసిన పనితనం అద్దం దగ్గరికి వంగి చూస్తే తప్ప తెలియదు. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, చూసుకుని బయల్దేరండి. తిండికి మాత్రం దగ్గర్లో చెప్పుకోదగ్గ హోటల్ కనిపించలేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే లోథల్ సుఖం. అక్కడ అంతా చదును నేల. ధోలావీరాలో ఎక్కి దిగడం ఎక్కువ, నీడ తక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. రణ్ ఉత్సవ్ రోజుల్లో భుజ్‌లో గదులు, కార్లు రెండిటి రేట్లూ పెరుగుతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోండి. ఖావ్డా దాటేలోపే పెట్రోలు నింపించుకోండి.