డబ్బా మీద ‘525 ఎక్స్’ అని రాసున్న టెలిస్కోప్ కొనకండి, ముఖ్యంగా పిల్లల కోసం

వానలు తగ్గుముఖం పట్టాయి, దసరా ఆఫర్లు మొదలయ్యాయి. పిల్లలకు టెలిస్కోప్ కొనిద్దామని చూస్తున్నవాళ్లు మన హైదరాబాద్‌లో చాలామందే ఉంటారు. అందుకే మాకు జరిగింది వివరంగా రాస్తున్నాను.

కోఠి వైపు ఒక షాపులో మా అమ్మాయి కోసం 60 మి.మీ. లెన్సు ఉన్న టెలిస్కోప్ తీసుకున్నాం. ఎనిమిది వేలు. డబ్బా నిండా రంగురంగుల నెబ్యులాల (అంతరిక్షంలోని ధూళి, వాయువుల మేఘాల) బొమ్మలు, పైన పెద్ద అక్షరాల్లో ‘525 ఎక్స్’, అంటే 525 రెట్లు పెద్దగా చూపిస్తుందని. ‘శని ఉంగరాలు లెక్కపెట్టుకోవచ్చు మేడమ్’ అని షాపతను మా అమ్మాయి ముందే చెప్పాడు. అప్పుడు శ్రావణమాసం, రోజూ మబ్బే. ఆకాశం తేటపడే రాత్రి వచ్చేసరికి వాళ్లిచ్చిన ఏడు రోజుల ఎక్స్ఛేంజ్ గడువు దాటిపోయింది. వానాకాలంలో టెలిస్కోప్ అమ్మి వారం గడువు ఇవ్వడమంటే అసలు గడువు ఇవ్వనట్టే.

చూస్తే చంద్రుడు కూడా మసక ముద్దలా ఉన్నాడు. ఫోకస్ తిప్పితే స్టాండు వణుకుతుంది. ఆ వణుకు ఆగేలోపు చంద్రుడు పక్కకు జరిగిపోతాడు. నక్షత్రాలు చూడడంలో ఏళ్ల అనుభవమున్న మా తమ్ముడి స్నేహితుడు వచ్చి గొట్టం లోపల చూశాడు. ముందు గాజు 60 మి.మీ. ఉన్న మాట నిజమే. కానీ దాని వెనకే ఒక ప్లాస్టిక్ రింగు బిగించి, గాజు అంచుల నుంచి వచ్చే వెలుతురును ఆపేశారు. నాసిరకం లెన్సు లోపం బయటపడకుండా చేసే పని ఇది. అంటే డబ్బా మీద రాసిన 60 కూడా పూర్తిగా మనకు దక్కదు.

ఇక ఆ 525 సంగతి. గొట్టం ఫోకల్ లెంగ్త్ (ముందు లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700 మి.మీ. దాన్ని 4 మి.మీ. ఐపీస్‌తో, అంటే కన్ను పెట్టి చూసే చిన్న లెన్సుతో, భాగిస్తే 175 రెట్లు. మధ్యలో రెట్లను మూడింతలు చేసే 3 ఎక్స్ బార్లో లెన్సు తగిలిస్తే 525. లెక్కలో తప్పు లేదు, ఆ లెక్క చూపించి అమ్మడమే మోసం. లెన్సు వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే పెద్దది చేయడం పనికొస్తుంది. 60 మి.మీ.కి మంచి లెన్సయినా 120 దాటితే లాభం లేదు. బొమ్మను రెండింతలు పెద్దది చేసిన ప్రతిసారీ దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది మరి. బేగంపేటలో ఉండిన నిజామియా అబ్జర్వేటరీ టెలిస్కోపును 15 అంగుళాలది అనేవారు. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ టెలిస్కోపును 48 అంగుళాలది అంటారు. తెలిసినవాళ్లు చెప్పేది వ్యాసమే, ‘ఇన్ని రెట్లు’ అని కాదు.

డబ్బు పోయిందన్న బాధ కంటే నాకు ఎక్కువ భయం కలిగించింది ఆ డబ్బాలోని చిన్న నల్ల గాజు బిళ్ల. దాని మీద ‘సన్’ అని రాసి ఉంది. ఐపీస్ అడుగున బిగించి సూర్యుణ్ణి చూడొచ్చని కాగితంలో బొమ్మ కూడా వేశారు. దయచేసి ఎవరూ వాడకండి. లెన్సు పోగుచేసిన ఎండంతా ఆ బిళ్ల దగ్గరే పడుతుంది. వేడికి అది ఏ క్షణాన్నయినా పగలొచ్చు. పగిలితే కన్ను తీసేలోపే రెటీనా కాలిపోతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పిల్లలు అరవను కూడా అరవరు. సూర్యుడి కోసం వాడే ఫిల్టర్ గొట్టం ముందు వైపు, మొత్తం లెన్సును కప్పేలా ఉండాలి. మేం ఆ బిళ్లను సుత్తితో కొట్టి పారేశాం. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ఈ రోజే తీసేయండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ డబ్బుతో మంచి 10x50 (10 రెట్లు, 50 మి.మీ. లెన్సులు) బైనాక్యులర్ కొనడం మేలు. చేతులు గోడకు ఆనించి నిలకడగా పట్టుకుంటే గురుడి పక్కన నాలుగు చందమామలూ చుక్కల్లా కనిపిస్తాయి. కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తిక నక్షత్రాల గుంపు దగ్గరే ఉంటాడు గానీ ఆ వెన్నెల్లో నక్షత్రాలు వెలవెలబోతాయి. వారం ఆగి, చంద్రుడు ఆలస్యంగా వచ్చే రోజుల్లో, అనంతగిరి లాంటి చీకటి చోటికి వెళ్లి తూర్పున చూడండి. ఆ గుంపులో కంటికి ఆరేడు నక్షత్రాలు కనిపించే చోట బైనాక్యులర్‌లో పదుల కొద్దీ కనిపిస్తాయి. మొబైల్‌లో స్టెల్లేరియం అనే ఆకాశ పటం యాప్ ఉంటే ఏది ఎక్కడుందో వెతుక్కునే టెన్షన్ ఉండదు.

టెలిస్కోపే కావాలంటే 114 లేదా 130 మి.మీ. అద్దమున్న, బల్ల మీద పెట్టుకునే డాబ్సోనియన్ (మూడు కాళ్ల స్టాండు బదులు అడుగున తిరిగే పీట ఉన్న టెలిస్కోప్) చూడండి. స్టాండు వణుకు బాధ చాలావరకు తప్పుతుంది. శని ఉంగరానికి వందల రెట్లు అక్కర్లేదు, నిలకడగా నిలిచే టెలిస్కోపులో 30, 40 రెట్లకే తెలుస్తుంది. ఏది కొన్నా పగలే షాపు బయటికి తెచ్చి దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ చేయించండి. తక్కువ రెట్ల ఐపీస్‌తో కూడా టవర్ అంచులు పదునుగా రాకపోతే చంద్రుడు అసలే రాడు. చూడనివ్వకపోతే వచ్చేయండి. నెబ్యులాలు ఆ బొమ్మల్లోలా రంగుల్లో కనిపించవని, కంటికి బూడిదరంగు మసకలా ఉంటాయని పిల్లలకు ముందే చెప్పండి.

వాపసు అడిగితే ‘డబ్బా విప్పారు కదా మేడమ్, మాకు సంబంధం లేదు’ అన్నారు. సంబంధం ఉంది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా తీసుకుని డబ్బు తిరిగివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. మాకు ఇచ్చిన బిల్లు మీద ఏ గడువూ లేదు, ఏడు రోజులన్నది నోటిమాటే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. డబ్బా మీద ఆ 525 ఫొటో, రింగు ఫొటో, నల్ల బిళ్లను పగలగొట్టక ముందు తీసిన ఫొటో దగ్గర పెట్టుకున్నాం. ఇలాంటిదే కొని ఇంకా 30 రోజులు దాటనివాళ్లు బిల్లు వెతికి పట్టుకోండి, రేపే ఫోన్ చేయండి.