రేవెన్ ఎంపీ-25: ఈ చవక పిస్టల్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

అరచేతిలో ఇమిడిపోయే పిస్టలే అయినా రేవెన్ 400 గ్రాములు దాటి తూగుతుంది. గొట్టం ఉక్కుదే, పొడవు 6 సెంటీమీటర్ల పైచిలుకు. ఫ్రేము (పిస్టల్ ఒళ్లు), స్లైడు (పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) మాత్రం జమాక్ అనే జింకు మిశ్రమంతో పోత పోసినవి. ఆ లోహం ఉక్కంత గట్టిది కాదు కాబట్టి మందంగా పోయాల్సిందే. పైగా ఇది బ్లోబ్యాక్ పిస్టల్. పేలినప్పుడు స్లైడుని ఆపేది దాని బరువూ స్ప్రింగూ తప్ప వేరే తాళమేదీ లేదు.

అమెరికా 1968లో తెచ్చిన తుపాకుల చట్టం చిన్న, చవక పిస్టళ్ల దిగుమతిని ఆపేసింది. దేశంలోనే తయారుచేస్తే మాత్రం అడ్డు లేదు. కాలిఫోర్నియాలో మెషీన్ షాపు నడిపే జార్జ్ జెన్నింగ్స్ ఆ సందు చూసి 1970లో రేవెన్ ఆర్మ్స్ పెట్టాడు. తర్వాత ఆయన కుటుంబమూ పరిచయస్తులూ లాస్ ఏంజెలిస్ చుట్టూ ఇలాంటి కంపెనీలే తెరిచారు. వాటన్నిటికీ కలిపి ‘రింగ్ ఆఫ్ ఫైర్’ (అగ్ని వలయం) అని పేరు పడింది. విచిత్రంగా 1991లో రేవెన్ ఫ్యాక్టరీ నిజంగానే అగ్నికి ఆహుతైంది. డిజైను ఫీనిక్స్ ఆర్మ్స్ చేతికి వెళ్లింది.

తూటా .25 ఏసీపీ, అంటే 6.35 మి.మీ. జాన్ బ్రౌనింగ్ 1905 నాటి జేబు పిస్టల్ కోసం రూపొందించినదే. గుండు మూడు గ్రాముల చిల్లర, వేగం సెకనుకు 230 మీటర్ల ప్రాంతం. ఆత్మరక్షణకు ఇది తక్కువే. మ్యాగజైన్‌లో, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టెలో, ఆరు పడతాయి, దాన్ని వదిలే మీట పిడి అడుగున ఉంటుంది. అందుకే మార్చడానికి రెండో చెయ్యి కావాలి.

అసలు ప్రమాదం స్ట్రైకర్ దగ్గర, అంటే తూటా వెనక కొట్టి పేల్చే మొన దగ్గర. ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) తూటా ఉంటే స్ట్రైకర్ బిగిసిన స్ప్రింగు మీదే నిలబడి ఉంటుంది. కింద పడ్డప్పుడు దాన్ని ఆపే అడ్డు లోపల లేదు. సేఫ్టీ వేసి ఉందన్న ధైర్యం చాలదు, ఛాంబర్ ఖాళీగా ఉంచి తీరాలి. ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్‌ని ఊరికే నొక్కి ఆడుకోవద్దు, స్ట్రైకర్ మొన దెబ్బతింటుంది.

పాతది కొనేవాళ్లు ముందు మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి ఛాంబర్ ఖాళీ అని కళ్లతో చూడాలి. తర్వాత మంచి వెలుతురులో స్లైడు పలచగా ఉన్న చోట్లు, మూలలు వెతకాలి. జమాక్ ఉక్కులా సాగదు, అలసిపోతే పగులుతుంది. వెంట్రుకంత గీత కనిపించినా కాల్చకూడదు, అతుకు వేయించే ఆలోచన కూడా వద్దు. క్రోమ్ పూత లేచిపోవడం మామూలే, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. తూటా సరిగా ఎక్కకపోతే ముందు మ్యాగజైన్ పెదవులు (తూటాని పట్టి ఉంచే పై అంచులు) వంగాయేమో చూడండి. గుండ్రటి మొన ఉన్న, పూర్తి రాగితొడుగు గుండ్లు వాడితే చిక్కు చాలావరకు పోతుంది. బోలు మొనవి దీనికి పడవు.