కమైలియో అనే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడి చూసినం: కరెంటొచ్చినా సర్వర్ పడుతలేదు

మిర్యాలగూడ దిక్కు ఐపీ ఫోన్ల (నెట్ మీద నడిచే ఫోన్లు) పని చేసేటోళ్లకు ఎరుకే, కరెంటు పోతే సర్వర్‌కేం కాదు, వచ్చినప్పుడే పడతది. మిల్లు ఆఫీసులు, నర్సింగ్ హోములు, ఎరువుల షాపులు అన్నిట్ల ఫోన్లు ఒక్కసారే ఆన్ అయ్యి అన్నీ కలిసి రిజిస్టర్ మెసేజ్‌లు (నేనిక్కడున్న అని సర్వర్‌కు చెప్పేటివి) కొడతై. దానికి తోడు సిప్ (ఈ ఫోన్లు, సర్వర్లు మాట్లాడుకునే భాష) గుణం ఒకటుంది, యూడీపీ (చేరిందా లేదా చూడకుండ పంపే పద్ధతి) మీద ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) పంపినంక 500 మిల్లీసెకన్లల జవాబు రాకుంటే మళ్లీ పంపుతది, తర్వాత 1 సెకన్ ఆగి, 2 ఆగి, 4 ఆగి, ఇట్ల 32 సెకన్ల దాక వదలదు. సర్వర్ ఎంత నిదానమైతే అంత ఎక్కువ పని మీద పడతది అన్నమాట.

ఇంతకుముందు సపోర్ట్ ఇచ్చినోళ్లది (పేరెందుకులే) ఒకటే పాట, ఇంకో సర్వర్ తీసుకోండి సార్ అని. తీసుకున్నం. ఒకటి పడంగనే దాని లోడంత రెండోదాని మీదికొచ్చి అదీ పడ్డది, బిల్లు మాత్రం డబుల్.

ఇగ యాస్టరిస్క్ (కాల్స్ కలిపే మా ఫోన్ సర్వర్) ముందర కమైలియో పెట్టినం. ఫ్రీ సాఫ్ట్‌వేరే, 2008 దాక ఓపెన్‌సర్ అనేటోళ్లు. ఇందుల నాకు మస్తు నచ్చింది పైప్‌లిమిట్ అనే మాడ్యూల్ (అందుల ఒక విడి భాగం). సెకన్‌కు ఇన్ని కొత్త కాల్సే అని గీత గీస్తే మిగిలినయి అక్కడనే 503 (ఇప్పుడు ఖాళీ లేదు అనే జవాబు) చెప్పి వాపస్ పంపుతది. ధాన్యం సీజన్ల టోకెన్ లేని ట్రాక్టర్‌ను కాంటా దాక రానిచ్చి తిప్పి పంపుడు కంటే గేటు కాడనే ఆపుడు నయం కదా, గట్లనే. రిట్రై-ఆఫ్టర్‌కు (ఎన్ని సెకన్లాగి మళ్లీ రావాలె అనేది) తక్కువెంత ఎక్కువెంత అని రెండు అంకెలిస్తే మధ్యల ఏదో ఒకటి అదే ఎంచుకుంటది, అందుకే అన్ని ఫోన్లు మళ్లీ ఒకే సెకన్‌కు మీద పడవు. ఒకటి చూసుకోవాలె, కాల్స్ దిక్కు లిమిట్ కొత్త ఇన్వైట్‌లకే పెట్టాలె, నడుస్తున్న కాల్‌ది బై మెసేజ్ (కాల్ పెట్టేసిన అని చెప్పేది) ఆపితే పెట్టేసిన కాల్స్ కూడా లైన్ల మీద వేలాడతై. దవాఖాన నంబర్లు మేం వేరే పైపుల (వేరే లిమిట్ ఉన్న గుంపుల) పెట్టినం.

తిప్పలు లేవా అంటే ఉన్నై. స్క్రీన్ మీద బటన్లు నొక్కి సెట్ చేసేది కాదు, దాని స్క్రిప్ట్ భాష దానికే, ఫ్రీపీబీఎక్స్‌కు (యాస్టరిస్క్‌ను బటన్లతో సెట్ చేసే సాఫ్ట్‌వేర్) అలవాటైనోళ్లకు మొదట్ల చుక్కలు కనబడతై. పైక్ మాడ్యూల్ (ఒక్క కాడి నుంచే మరీ ఎక్కువ మెసేజ్‌లొస్తే ఆపేది) ఐపీని, అంటే నెట్ అడ్రస్‌ను చూసి బ్లాక్ చేస్తది గనక ఒక్క ఐపీ వెనక ఉన్న ఆఫీసు మొత్తం బంద్ అయితది, దాని లిమిట్ జర ఎక్కువనే పెట్టుకోండి. ఇగ 503 సంగతి, అది అందుకున్న పై సర్వర్ (మనకు కాల్ పంపినది) ఇంకో సర్వర్‌ను వెతుక్కుంటది, అదీ నిండి ఉంటే లోడ్ అట్ల తిరుగుతనే ఉంటది. అన్ని సర్వర్లు నిండినప్పుడు మేం 480 (ఇప్పుడు దొరకరు అనే జవాబు) ఇచ్చి ముగిస్తున్నం. 2014ల వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7339 (ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రాలల్ల ఒకటి) పద్ధతిల అయితే కింది సర్వర్ (కాల్ అందుకునేది) ఇంత శాతం తగ్గించు అని వయా హెడర్‌లనే (మెసేజ్ వచ్చిన దారి రాసుండే లైను) చెప్పొచ్చు, గానీ అది అర్థమయ్యే సాఫ్ట్‌వేర్ రెండు దిక్కులా ఉండాలె, మన కాడ లైన్లిచ్చేటోళ్లను అడిగితే మొహం చూస్తరు.

నా మార్కులు 5కి 4, పోయిన ఆ ఒకటి స్క్రిప్ట్‌కే. పది ఫోన్ల ఆఫీసుకైతే ఇదంతా దండగ అన్నా, యాస్టరిస్క్ కాన్ఫిగ్‌ల మ్యాక్స్‌కాల్స్ (ఒకేసారి ఎన్ని కాల్స్ అనేది) అని ఒక్క లైనుంటది, అది పెట్టుకోండి చాలు.