మెమరీలో ఉంచాలా, డిస్కులో రాయాలా: దుకాణం లెక్కలకు ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ప్రాంతాల్లో దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసే మన తెలుగు కుర్రవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. సమాచారాన్ని కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోనే ఉంచుకుని వీలు చూసుకుని డిస్కులో రాస్తే ప్రోగ్రాము చురుకుగా నడుస్తుంది, ప్రతి మార్పునూ వెంటనే డిస్కుకు ఎక్కిస్తే మందగిస్తుంది, రెండింటిలో ఏది మేలు అని. వేగంతో ఈ ప్రశ్న తేలుతుందని నేను అనుకోను. ప్రోగ్రాము ఎదుటి మనిషికి ఏ క్షణాన మాట ఇచ్చిందో, ఆ క్షణానికి సమాచారం ఎక్కడ ఉందో చూడాలి.

ప్రింటరు నుంచి బిల్లు బయటికి వచ్చిందంటే మాట ఇచ్చినట్టే. ఆ కాగితం పట్టుకుని కొనుగోలుదారుడు సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లిపోతాడు. ప్రోగ్రాము ఫైలులో రాసేశానని అనుకున్నా, కంప్యూటరును నడిపించే లైనక్స్ వ్యవస్థ ఆ రాతను ముందుగా మెమరీలోని పేజీల్లోనే పెట్టుకుంటుంది. మామూలు అమరికలో ఆ పేజీలు దాదాపు 30 సెకన్లు పాతబడ్డాక గానీ డిస్కుకు వెళ్లవు. వెంటనే పంపించాలంటే ఎఫ్‌సింక్ అనే ఆదేశం ఇవ్వాలి, అది పూర్తయ్యే వరకూ ఆగాలి. ఈలోగా కరెంటు పోతే బిల్లు కొనుగోలుదారుడి చేతిలో ఉంటుంది, దుకాణం లెక్కలో ఉండదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానును, 2018 అక్టోబరులో గజపతి జిల్లాను ముంచెత్తిన తిత్లీని చూసిన వారికి కరెంటు పోవడం గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే దీనికి తుపానులే రానక్కరలేదు, బ్యాటరీ బలహీనపడిన యూపీఎస్ ఒక్కటి చాలు.

అందువల్ల బిల్లు విషయంలో నా మొగ్గు శాశ్వత నిల్వ వైపే: ఎఫ్‌సింక్ ముగిసిన తరువాతే ప్రింటుకు పంపాలి. దీనివల్ల జరిగే ఆలస్యాన్ని చాలామంది ఎక్కువగా ఊహించుకుంటారు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పాత హార్డు డిస్కు ఒక చుట్టు తిరగడానికి పట్టేది 8 మిల్లీసెకన్ల పైచిలుకు; ఎంత రద్దీగా ఉన్న కిరాణా కౌంటరులోనైనా రెండు బిల్లుల మధ్య గడిచే సమయంలో ఇది ఏమూలకూ రాదు. పైగా ఇప్పటి డేటాబేసులు ప్రతి మార్పునూ అసలు పట్టికల్లో అక్కడికక్కడే సర్దవు. పూర్వపు షావుకారు రోజువారీ పద్దును ముందు చిట్టాలో రాసి, తీరిక దొరికినప్పుడు ఆవర్జాకు ఎక్కించినట్టే, మార్పును ముందుగా ఒక లాగ్ ఫైలు చివర చేర్చి, తరువాత నెమ్మదిగా పట్టికల్లోకి మారుస్తాయి. చిన్న ప్రోగ్రాముల్లో ఎక్కువగా వాడే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసుకు ఈ పద్ధతి 2010లో 3.7.0 వెర్షన్‌తో వచ్చింది. ఈ పద్ధతిలో, రాసినది డిస్కుకు చేరేదాకా ఎంత పట్టుగా ఆగాలో చెప్పే సింక్రనస్ అమరికను వేగం కోసం ఫుల్ నుంచి నార్మల్‌కు మార్చుకోమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. నార్మల్‌లో కరెంటు పోయినా డేటాబేసు పాడవదన్న మాట నిజమే, కానీ చివరగా రాసిన కొన్ని లావాదేవీలు వెనక్కి పోవచ్చు. దుకాణానికి ఆ చివరి బిల్లే కావాలి కాబట్టి ఫుల్‌నే ఉంచుకోమంటాను.

సమాచారాన్ని ప్రధానంగా మెమరీలో ఉంచుకునే రెడిస్ వంటి డేటాబేసులు నడిమి దారి. లాగ్‌ను సెకనుకొకసారి డిస్కుకు పంపే అమరికలో సుమారు ఒక సెకను సమాచారం పోయే అవకాశం ఉంటుంది. లాగిన్ సెషన్లకు, వరుసలో వేచి ఉన్న ఎస్సెమ్మెస్‌లకు అది చాలు.

తాత్కాలికంగా ఉంచదగినది ఏదంటే, పోయినా మరొకచోటి నుంచి తిరిగి రాబట్టుకోగలిగినది. ఈ రోజు మొత్తం అమ్మకం, సరుకుల జాబితా, వెతికిన ఫలితాలు ఈ కోవలోకి వస్తాయి. ఇబ్బంది పెట్టేవి, తిరిగి లెక్క కట్టవచ్చని అనిపించి తీరా కట్టలేనివి. పన్నునే తీసుకోండి. వస్తువు ధర, పన్ను రేటు ఉంటే పన్ను ఎప్పుడైనా లెక్క కట్టవచ్చు కదా అని బిల్లులో దాన్ని నిల్వ చేయని ప్రోగ్రాములు కనిపిస్తాయి. 2025 సెప్టెంబరు 22న నెయ్యిపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. రేట్ల పట్టికను మార్చిన మరుక్షణం అలాంటి ప్రోగ్రాము ఆగస్టు బిల్లును తెరిచినా కొత్త పన్నే చూపిస్తుంది. బిల్లు నాటి రేటునూ మొత్తాన్నీ బిల్లుతో పాటే శాశ్వతంగా రాయాలి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఉదాహరణ పేర్లది. ఒడియాలో నమోదైన పేరును తెలుగు బిల్లు మీద తెలుగు లిపిలో చూపేందుకు ప్రోగ్రాము లిప్యంతరీకరణ చేస్తుంది. అది యంత్రం చేసినంత కాలం తాత్కాలికమే, ఎన్నిసార్లయినా మళ్లీ చేయించవచ్చు. గుమాస్తా ఒక్క అక్షరం చేత్తో దిద్దాడా, ఇక అది మనిషి ఇచ్చిన సమాచారం. ఆ తేడాను గుర్తించని ప్రోగ్రాము, తాత్కాలిక ఫలితాలను దాచుకునే క్యాష్ మెమరీని ఖాళీ చేసినప్పుడల్లా అతని శ్రమ తుడిచిపెట్టుకుపోతుంది.

అలాగని అన్నింటినీ శాశ్వతం చేయడమూ సరికాదు. ఫలానా బిల్లును రెండో కౌంటరులో దిద్దుతున్నారనే గుర్తును పట్టికలో ఒక గడిగా రాసి పెట్టారనుకుందాం. కరెంటు పోయి వచ్చాక దిద్దేవారు లేకపోయినా గుర్తు అలాగే ఉంటుంది, ఆ బిల్లు ఎవరికీ తెరుచుకోదు. అదే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో, ఇతరులు మార్చకుండా లావాదేవీలో వేసుకున్న తాళమైతే సర్వర్ తిరిగి లేచేసరికి తనంత తానే విడిపోతుంది. యంత్రం పడిపోవడంతో అర్థం కోల్పోయే సమాచారం యంత్రంతో పాటే పోవడం మంచిది. ఓటీపీలూ అంతే.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా: బ్రౌజరు తన దగ్గర సమాచారం దాచుకునే చోట్లలో సెషన్ స్టోరేజ్ ట్యాబుతో పాటు పోతుంది. లోకల్ స్టోరేజ్ నిలుస్తుంది గానీ వాడేవారు ఎప్పుడైనా చెరిపేయవచ్చు కాబట్టి అందులో సగం పూర్తయిన బిల్లులకు మించి ఉంచకూడదు. ప్రోగ్రామును విడి పెట్టెలో పెట్టినట్టు నడిపే డాకర్ కంటెయినరు లోపల రాసినది కంటెయినరును తీసేస్తే పోతుంది కాబట్టి డేటాబేసుకు విడిగా వాల్యూమ్, అంటే కంటెయినరు బయట నిలిచే నిల్వ స్థలం, ఇవ్వాలి.

శాశ్వతానికీ గడువు పెట్టుకోవాలి. జీఎస్టీ చట్టం 36వ సెక్షను ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు భద్రపరచాలి, అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం. బిల్లులను మొదటి నుంచీ ఆర్థిక సంవత్సరాల వారీగా వేరు వేరు పట్టికల్లో ఉంచితే, గడువు తీరిన సంవత్సరాన్ని మిగతావాటిని కదపకుండా తీసేయవచ్చు. నీళ్లు దుకాణంలోకి వస్తే ఎఫ్‌సింక్ చేయగలిగింది ఏమీ లేదు కనుక, రోజూ తీసే నకలును ఆ భవనంలో కాక మరొకచోట ఉంచాలి.