స్లీవా, బైపాసా? కీళ్లవాతం ఉంటే లెక్కే వేరు

ఒంగోల్లో మా వదినకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, పైగా బరువు. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటుంది. బరువు తగ్గే సర్జరీకి సిద్ధమే, పొట్టలో చాలా భాగం తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవా, పొట్టని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలిపే గ్యాస్ట్రిక్ బైపాసా, ఏది చేయించుకోవాలన్నదే టెన్షన్.

బరువు ఎక్కువ తగ్గేది, షుగర్ బాగా అదుపులోకొచ్చేది మామూలుగా బైపాస్‌తోనే, గుండెమంట ఉన్నవాళ్లకీ అదే నయం, స్లీవ్‌తో కొందరికి ఆ మంట పెరుగుతుంది కూడా. కానీ కీళ్లనొప్పుల వాళ్లకి అసలు తిరకాసు నొప్పి మాత్రల దగ్గరుంది: బైపాస్ అయ్యాక డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుంటే పొట్టకీ పేగుకీ కలిపిన అతుకు దగ్గర పుండు పడొచ్చు, అందుకే ఇక వాటి జోలికి వెళ్లొద్దంటారు. చీటీ లేకుండానే మందుల షాపులో అడిగి తెచ్చుకునే మన ఊళ్లలో ఇది చిన్న విషయమా? స్టెరాయిడ్ వాడేవాళ్లయితే మరీ జాగ్రత్త. స్లీవ్‌లో ఆ అతుకే ఉండదు కాబట్టి కాస్త వెసులుబాటు, అలాగని ఇష్టమొచ్చినట్టు మింగొచ్చని కాదు.

బి12, ఐరన్, కాల్షియం రెండిట్లోనూ తప్పవు, బైపాస్‌లో ఇంకా ఎక్కువ. ఏది చేయించుకున్నా మోకాళ్ల మీద భారం తగ్గుతుంది గానీ వాతం పోదు, వాతానికి వాడే మెథోట్రెక్సేట్ మందు మానేయొచ్చని ఎవరన్నా నమ్మకండి.

వదినకి గుండెమంట లేదు, నన్నడిగితే స్లీవే. వాతాన్ని అదుపులో పెట్టే బయలాజిక్ ఇంజెక్షన్లు వాడేవాళ్లు మాత్రం ఆపరేషన్‌కి ముందు ఎప్పుడు ఆపాలో కీళ్ల డాక్టర్నీ సర్జన్‌నీ ఇద్దర్నీ అడగాల్సిందే.